తోపుడు కారు ఆపా

మా కారు మార్చేయాలా, ఇంకొన్నాళ్ళు లాగించాలా తేల్చుకుందామని మా ఆయనా నేనూ బాపట్ల నుంచి తెనాలిలోని కార్ల షోరూముకి వెళ్ళాం. ఆపా పోయారని ఆ రోజే తెలిసింది.

చెప్పింది షోరూము మేనేజరు. కొన్నేళ్ళ కిందట అదే షోరూములో మెడకి టై బిగించుకుని, వచ్చినవాళ్ళందరికీ కారు తలుపులు తీసి చూపించిన సేల్స్‌మన్ అతనే. ఇప్పుడు టై పోయి కాస్త పొట్ట వచ్చింది. నన్ను చూస్తూనే, "మీరు ఆపాగారితో వచ్చిన టీచరుగారు కదండీ" అన్నాడు. అవునన్నాను. ఆవిడెలా ఉన్నారని అడగబోయేలోపు అతనే గొంతు తగ్గించి, "రంజాన్ ముందు పోయారండి. నిద్దట్లోనే అంట. మీకు తెలిసే ఉంటుందనుకున్నాను" అన్నాడు.

ఆ తరవాత అతను మా పాత కారు చుట్టూ తిరిగి ఏం చూశాడో, ఏం చెప్పాడో నా తలకెక్కలేదు. మా ఆయన నా మొహం చూసి, ఇంకోసారి వచ్చి మాట్లాడతామని చెప్పి బయటికి తీసుకొచ్చాడు. దారిలో ఎవరావిడ అని అడిగాడు. పెళ్ళయిన కొత్తలో చెప్పే ఉంటాను. అయినా మళ్ళీ మొదట్నించీ చెప్పడం మొదలుపెట్టాను. పొన్నూరు దాటినా చెబుతూనే ఉన్నాను.

ఆపా అంటే వాళ్ళ మాటలో అక్క. తెనాలిలో బట్టల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం వాళ్ళది. భర్త పోయాక కొట్టు మరుదులు చూసుకుంటుంటే, ఆవిడ కారు తీసుకుని పేరాల వెళ్ళి, మగ్గాల ఇళ్ళల్లోనే చీరలు ఏరుకుని తెచ్చి, వేమూరు, భట్టిప్రోలు, రేపల్లెల్లో ఇంటింటికీ తిరిగి అమ్మేవారు. యాభై ఏళ్ళు దగ్గరపడ్డాక డ్రైవింగు నేర్చుకున్న మనిషి. నేత చీర, తలమీదికి కొంగు, ముక్కుకి చిన్న తెల్లరాయి పుడక. చెప్పులు మాత్రం మగవాళ్ళవి. బ్రేకు మీద కాలు జారకుండా ఉంటుందట.

ఆవిడకి సొంత పేరొకటి ఉంది. కానీ తెనాలి నుంచి రేపల్లె దాకా ఆ రోడ్డు మీద అందరికీ ఆవిడ 'తోపుడు కారు ఆపా'. ఆ పేరు ఎవరు పెట్టారో తెలీదు. ఎందుకు పెట్టారో మాత్రం ఎవరికీ చెప్పనక్కర్లేదు.

నాకు పరిచయమైంది కూడా అలాగే. అప్పుడు నేను తెనాలిలో ఒక గది అద్దెకి తీసుకుని, రోజూ రేపల్లె వెళ్ళి స్కూల్లో పాఠాలు చెప్పొచ్చేదాన్ని. మామూలుగా పాసింజరు బండిలో పోయేదాన్ని. ఒకరోజు పొద్దున బండి తప్పిపోయి, బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. ఒక పాత తెల్లకారు మెల్లగా వచ్చి, సరిగ్గా నా ముందు పెద్ద నిట్టూర్పు విడిచి ఆగిపోయింది. అద్దం కిందికి దిగింది.

"అమ్మాయ్, ఒక చెయ్యేస్తావా? రేపల్లె వైపైతే నేను తీసుకెళ్తాను" అన్నారు.

గంజిపెట్టిన చీర, చేతిలో క్యారేజీ. అయినా ఎందుకో కాదనబుద్ధి కాలేదు. క్యారేజీ ఆవిడ పక్క సీట్లో పెట్టి, వెనక్కి వెళ్ళి తోశాను. పాలు పోసే అతనొకడు సైకిలు స్టాండేసి వచ్చి ఇంకో చెయ్యేశాడు. బండి దగ్గి, తుమ్మి, అందుకుంది. అతనికి ఆవిడ కిటికీలోంచి గుప్పెడు వేయించిన వేరుశనక్కాయలు ఇచ్చారు. నాకు మాత్రం సీటే ఇచ్చారు. ఆ రోజు నుంచి వారంలో ఒకటి రెండుసార్లు, ఆవిడ అటు వెళ్ళే రోజుల్లో, రైలు మానేసి ఆ కారే ఎక్కేదాన్ని.

ఆ కారుకి లేని రోగం లేదు. ఆవిడ కూడా వాటిని రోగాలనే అనేవారు. ఇంజను వేడెక్కితే దానికి జ్వరం వచ్చినట్టు. సెల్ఫు కొట్టినా పలక్కపోతే బద్ధకం. బ్రేకు వేసినప్పుడు కీచుమంటే గొంతు పట్టేసింది. ఎడమవైపు వెనక తలుపు బయటనుంచి తప్ప తెరుచుకునేది కాదు. దానికి మాత్రం బిడియం అని పేరు. బయల్దేరేముందు కొంగుతో స్టీరింగు ముందున్న దుమ్ము తుడిచి, బిస్మిల్లా అనుకుని, దాని చెంప తట్టినట్టు రెండుసార్లు తట్టి తాళం తిప్పేవారు.

ఒకసారి ఆపితే మళ్ళీ కదలదని భయం కదా, దానికీ ఆవిడో ఉపాయం కనిపెట్టారు. మా డెల్టా అంతా అరచెయ్యిలాంటి నేల. ఎత్తు అనేది కాలవ వంతెనల దగ్గర తప్ప ఉండదు. అందుకని ఆవిడ కారు ఎప్పుడూ వంతెన దిగే చోటే ఆపేవారు. బ్రేకు వదిలితే చాలు, దానంతటది జారి అందుకునేది. ఏ ఊళ్ళో చీరలు అమ్మాలన్నా ముందు వంతెన ఎక్కడుందో చూసుకుని, అక్కణ్ణించి మూట చంకన పెట్టుకుని ఊళ్ళోకి నడిచేవారు. వంతెన లేని ఊళ్ళో ఆగితే తోసేవాళ్ళు ఉండనే ఉన్నారు.

తోసేవాళ్ళంటే ఆవిడకి ప్రాణం. వేమూరు దగ్గర టీ బంకు ఆమె, పశువుల డాక్టరు దగ్గర పనిచేసే కాంపౌండరు, కాలవ గట్టున బట్టలుతికే అన్నదమ్ములు, అందరూ ఒకప్పుడు కారు తోసి చుట్టాలైపోయినవాళ్ళే. వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకి ఆవిడ వెళ్ళేవారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆవిడ దగ్గరే చీరలు కొనేవారు. "ఊరికే పలకరిస్తే ఎవరు పలుకుతారు అమ్మాయ్? ఒక చెయ్యెయ్యమని అడిగి చూడు. వేసినోళ్ళు ఇంక మనోళ్ళే" అనేవారు.

చీరలు అమ్మడంలోనూ అదే తీరు. చీర మడత విప్పేముందు అది నేసిన ఇంటి సంగతి విప్పేవారు. ఒకసారి రేపల్లెలో మా హెడ్మాస్టరుగారి భార్యకి గంధం రంగు చీర చూపిస్తూ, "ఇది పేరాల్లో మా వదిన ఒకామె నేసిందమ్మా. ఆఖర్న కొంగు దగ్గరికొచ్చేసరికి ఆమెకి మనవరాలు పుట్టింది. చూడు, కొంగు ఎంత నవ్వుమొహంతో వచ్చిందో" అన్నారు. హెడ్మాస్టరుగారి భార్య బేరం ఆడకుండా తీసుకుంది. ఆ మనవరాలికి గౌను కూడా కుట్టించి పంపింది. నేసినామె, కట్టినామె ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. ఆపాకి అది వ్యాపారమో, ఇంకేదో నాకెప్పుడూ తెలిసేది కాదు.

ఆవిడ కూతురు గుంటూరులో ఉండేది. ఆ అమ్మాయికి ఈ కారంటే ఒళ్ళుమంట. ఎక్కడో ఆగిపోయిందని ఎవరో ఒకరు ఫోన్ చేసి చెప్పని వారం లేదు. మార్చెయ్యమ్మా అని పోరేది. చుట్టుపక్కలవాళ్ళేమో, పాపం భర్త కొన్న కారు, గుర్తుగా ఉంచుకుంది అనుకునేవారు. నేనూ అలాగే అనుకుని ఒకసారి అంటే ఆవిడ నవ్వారు. ఆయన బతికున్నన్నాళ్ళూ దీన్ని తిట్టుకుంటూనే తోలాడనీ, దీని మీద ఆయనకేం ప్రేమ లేదనీ చెప్పారు. మరెందుకు ఉంచుకున్నారని అడిగితే, "ఇది ఆగబట్టేగా నువ్వు దొరికావు" అన్నారు.

కూతురి పోరు పడలేక ఒకసారి మాత్రం షోరూముకి వెళ్ళారు. పాత కారు ఇచ్చి కొత్తది తీసుకునే మేళా ఏదో పెట్టారు. తోడుగా నన్ను తీసుకెళ్ళారు. ఇందాక చెప్పిన సేల్స్‌మన్ అప్పుడే మాకు తగిలాడు. కారు ముందు భాగంలో టీవీలాంటి తెరా, సీసాలు పెట్టుకునే గూళ్ళూ, బెల్టు పెట్టుకోమని గుర్తుచేసే గంటా అన్నీ చూపించాడు. ఆవిడ ప్రతిదానికీ బాగుంది బాగుంది అంటున్నారు. ఆఖర్న అతను, "ఇది ఎక్కడా ఆగదండీ, గ్యారంటీ" అన్నాడు.

ఆవిడ కొంగు సర్దుకుని, "ఎక్కడా ఆగకపోతే నాకెందుకు బాబూ? నేను వెళ్ళేదే ఆగడానికి" అని లేచి వచ్చేశారు. అతను నావంక చూశాడు. నేను భుజాలెగరేశాను. బయటికొచ్చి పాత కారు ఎక్కితే అది పలకలేదు. ఆ సేల్స్‌మనే వచ్చి తోశాడు. అతనికీ వేరుశనక్కాయలు ముట్టాయి.

ఆ ఏడాదే, శ్రావణమాసంలో ఇంకొకటి జరిగింది. ఆవిడకి అది చీరల కాలం. పొలాల్లో నాట్ల కాలం. రెండు రోజుల ముసురు తరవాత ఒక శనివారం సాయంత్రం రేపల్లె నుంచి తిరిగి వస్తున్నాం. భట్టిప్రోలు చేరకముందే ఒక కాలవ వంతెన ఎక్కుతుండగా, నడి ఎత్తులో బండి ఆగిపోయింది. పైకెక్కితే అటువైపు జారుతుంది. ఇక్కడ ఆగితే వెనక్కే జారుతుంది. ఆవిడ బ్రేకు తొక్కిపట్టి, కిటికీలోంచి తల బయటపెట్టి, పక్క చేలోకి చూసి "అన్నా" అని కేకేశారు.

ఆ చోట ఆయన ఎప్పుడూ ఉండేవాడు. అరవై ఏళ్ళ లోపు మనిషి. కాలవ పక్కన కొంచెం కౌలు చేసుకునేవాడు. మా కారు చాలాసార్లే తోశాడు. మాట తక్కువ, తల ఊపడం ఎక్కువ. ఆరోజు ఆకుమడిలో నారు పీకుతున్నవాడు మోకాళ్ళదాకా బురదతో గట్టెక్కి వచ్చాడు. నేనూ దిగాను. అటుగా పోతున్న ఇంకొకాయన కూడా చెయ్యేశాడు. వాన నీళ్ళకి రోడ్డు నున్నగా ఉంది. కారు కొంచెం ముందుకి కదిలింది, ఆగింది. ఆయన కాలు జారింది. బ్రేకు పట్టుకునేలోపు కారు వెనక్కి జారింది. మేమిద్దరం పక్కకి తప్పుకున్నాం. ఆయన లేవబోతూ పిట్టగోడ పట్టుకున్నాడు. కారు బంపరుకీ పిట్టగోడకీ మధ్య ఆయన కుడిచెయ్యి పడింది.

ఆయన అరవలేదు. చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. ఆపా దిగి వచ్చారు. ఆయన చెయ్యి చూసి, కారు తలుపులు తీసి ఉన్నాయో వేసి ఉన్నాయో, లోపల చీరల మూటలున్నాయో లేదో చూసుకోకుండా, ఎదురొచ్చిన ఆటో ఆపి ఆయన్ని ఎక్కించుకుని తెనాలి ఆస్పత్రికి వెళ్ళిపోయారు. మణికట్టు దగ్గర రెండు ఎముకలూ విరిగాయని కట్టు కట్టారు.

మర్నాడు ఆదివారం. ఇద్దరం బస్సులో ఆయన ఊరికి వెళ్ళాం. ఆవిడ పళ్ళూ, ఒక మంచి నేతచీరా సంచీలో పెట్టుకున్నారు. రెండు గదుల చిన్న ఇల్లు, ముందు అరుగు. ఆయన లోపల మంచమ్మీద పడుకుని ఉన్నాడు. గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది. సన్నటి మనిషి, పొద్దున్నించీ నాటేసి వచ్చినట్టుంది, చీర ఇంకా ఎగ్గట్టే ఉంది. మమ్మల్ని లోపలికి రమ్మనలేదు.

"ఎలా ఉంది వదినా అన్నకి?" అన్నారు ఆపా.

"ఎవరికండీ వదిన?" అందామె. గొంతు పెంచలేదు. "మీ బండి మా ఆయనెందుకు తొయ్యాలండీ? నాట్లు మొదలెట్టిన రోజున కుడిచెయ్యి పోయింది. ఇప్పుడు నారెవరు పీకుతారు, కట్టలెవరు మోస్తారు?"

ఆపా ఏదో అనబోయారు. ఆమె చెప్పనివ్వలేదు.

"మీకు తెలీదు. మీ బండి చప్పుడు వినపడితే ఆయన చేలో వంగుని కూచునేవాడు, మీకు కనపడకుండా. కనపడితే పిలుస్తారు. పిలిస్తే కాదనలేడు. మొహమాటం మనిషి."

లోపల్నుంచి ఆయన "ఊరుకోవే" అన్నాడు, నీరసంగా. ఆమె ఊరుకుంది. ఆపా పళ్ళు అరుగు మీద పెట్టారు. చీర తీయబోతే ఆమె, "చీరెందుకండీ" అంది. ఆవిడ దాన్ని మళ్ళీ సంచీలో పెట్టుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు. వేమూరు దగ్గర టీ బంకు ఆమె బస్సులో మమ్మల్ని చూసి చెయ్యూపింది. ఆవిడ చెయ్యి సగం ఎత్తి దించేశారు. ఆమె కూడా ఎప్పుడైనా దాక్కుందేమో అనుకున్నారనుకుంటాను.

"చేలో దాక్కునేవాడంట" అన్నారు కాసేపటికి. తెనాలి దగ్గర పడ్డాక, "నేను చుట్టరికం అనుకున్నా అమ్మాయ్. వాళ్ళది మొహమాటం" అన్నారు. ఆవిడని ఓదార్చడానికి ఏమైనా అందామనుకున్నాను. అందరూ అలా కాదు అనవచ్చు. కానీ అందులో ఎవరు ఏమిటో నాకు మాత్రం ఏం తెలుసు?

ఆ వారంలోనే మళ్ళీ షోరూముకి వెళ్ళాం. ఈసారి ఆవిడ తెర చూడలేదు, గూళ్ళు చూడలేదు. ఎత్తు మీద ఆగితే వెనక్కి జారుతుందా అని అడిగారు. బ్రేకులు గట్టివేనండీ, జారదు అన్నాడు సేల్స్‌మన్. చూపించమన్నారు. అతను కారు తీశాడు. నేను వెనక కూర్చున్నాను. ఊళ్ళో ఫ్లైఓవరు ఎక్కుతుండగా, నడి ఎత్తులో పక్కకి ఆపించారు. అతను హ్యాండ్ బ్రేకు వేశాడు. ఆవిడ తలుపు తీసుకుని దిగి, వెనక్కి వెళ్ళి, సరిగ్గా కారు వెనకాల నిలబడి డిక్కీ మీద రెండు చేతులూ ఆనించారు.

"ఇప్పుడు కాలు తియ్యి బాబూ" అన్నారు.

అతను కిటికీలోంచి తల బయటపెట్టాడు. వద్దండీ, పక్కకి రండి అని బతిమాలాడు. ఆవిడ కదల్లేదు. వెనకాల లారీలు హారన్లు కొడుతున్నాయి. నేను వెనక అద్దంలోంచి చూస్తున్నాను. ఆవిడ మొహం నాకు జానెడు దూరంలో ఉంది. కళ్ళు మూసుకోలేదు. అతను మెల్లగా బ్రేకు మీంచి కాలు తీశాడు. బండి కదల్లేదు. ఇంజను ఆపేసి మళ్ళీ తియ్యమన్నారు. అప్పుడూ కదల్లేదు. ఆవిడ వచ్చి కూర్చుని, "ఇదే ఇవ్వు" అన్నారు.

పాత కారు అప్పగించేటప్పుడు ఆవిడ దాని వైపు పెద్దగా చూడలేదు. డిక్కీలోంచి నీళ్ళ డబ్బాలు, వేరుశనక్కాయల డబ్బా తీసుకున్నారు. చక్రం కింద పెట్టే రాయి అక్కడే ఒక మూలకి నెట్టేశారు. షోరూమువాళ్ళు కొత్త కారుకి రిబ్బను కట్టి, పెద్ద అట్టతాళం చేతికిచ్చి ఫొటో తీస్తామన్నారు. ఫొటో వద్దన్నారు. చక్రాల కింద నిమ్మకాయలు మాత్రం పెట్టనిచ్చారు. మీ పద్ధతి మీరు కానివ్వండి, నా బిస్మిల్లా నేననుకుంటాను అన్నారు.

కొత్త కారు సేల్స్‌మన్ చెప్పినట్టే ఎక్కడా ఆగలేదు. తెనాలిలో ఎక్కితే చప్పుడు లేకుండా రేపల్లెలో దించేది. మొదటి కొన్నాళ్ళూ ఆవిడ దాన్ని అద్దె బండి తోలినట్టు తోలారు. రోడ్డు పక్కన మనుషులు తలెత్తేవారు కాదు. ఏదో కారు పోతోందనుకునేవారు. ఒకరోజు వేమూరు దగ్గర ఉన్నట్టుండి పక్కకి తీసి ఆపారు. టీ బంకు ఆమె పరిగెత్తుకొచ్చి, "ఏంటి ఆపా, ఇది కూడా ఆగిపోయిందా?" అంది. "కారు ఆగకపోతే నేను ఆగకూడదా ఏంటి" అన్నారు ఆపా. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజునుంచి ప్రతిచోటా ఆగడం మొదలుపెట్టారు. అందరూ నవ్వలేదు. కొందరు, తోసే పని లేదని తెలిశాక, ఏం మాట్లాడాలో తెలీక తల గోక్కుని వెళ్ళిపోయారు. ఆవిడ వాళ్ళని మళ్ళీ పిలవలేదు. మిగిలినవాళ్ళు మిగిలారు.

ఆ చెయ్యి విరిగినాయన ఇంటికి మాత్రం వారం వారం వెళ్ళేవారు. అరుగు మీద కూర్చునేవారు. వదినా అని పిలవడం మానేసి 'అమ్మా' అనేవారు. ఏమైనా చెయ్యనా అని ఒకసారి అడిగితే ఆమె, ఏం వద్దండీ అంది. మళ్ళీ అడగలేదు. ఊరికే కూర్చుని, ఆయన్ని పలకరించి వచ్చేసేవారు. మొదట్లో ఆమె లోపల పని చేసుకుంటూ బయటికి వచ్చేది కాదు. ఒకరోజు చెంబుతో మంచినీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టింది. ఇంకోరోజు తనూ స్తంభానికి ఆనుకుని నిలబడింది. నాట్లు ఎలాగో అయ్యాయని, ఒకరి చేలో ఒకరు చెయ్యీ చెయ్యీ మార్చుకుని నలుగురు ఆడవాళ్ళు వచ్చి వేసిపెట్టారని చెప్పింది. అది చెప్పేటప్పుడు ఆమె గొంతులో వేడి లేదు, గొప్పా లేదు.

కట్టు విప్పే రోజు దగ్గరపడ్డాక ఆమె ఎటో చూస్తూ, "బుధవారం తెనాలి రమ్మన్నారు. బస్సులో జనం. చెయ్యి ఒరుసుకుంటదేమో" అంది.

"పొద్దున్నే వస్తాను" అన్నారు ఆపా.

"దీన్ని తొయ్యక్కర్లేదుగా?"

"తొయ్యాల్సొస్తే నేనే దిగి తోస్తాను."

ఆమె నవ్వీ నవ్వనట్టు మూతి తిప్పుకుంది. లోపలున్నాయన మాత్రం గట్టిగానే నవ్వాడు.

ఆయన మణికట్టు కొంచెం వంకరగానే అతుక్కుంది. కొడవలి పట్టగలడు కానీ మునుపటి పట్టు లేదు. ఆపాకి అది ఎప్పటికీ మనసులోంచి పోలేదు. ఆయన గ్లాసు ఎడమచేత్తో అందుకున్నప్పుడల్లా ఆవిడ కళ్ళు పక్కకి తిప్పుకునేవారు. కారు మార్చడంతో ఆ చెయ్యి మారదు కదా అని ఒకసారి నాతో అన్నారు.

తరవాత నాకు బదిలీ అయింది. పెళ్ళయి బాపట్లలో స్థిరపడ్డాను. ఆపా పేరాల వెళ్ళేటప్పుడు అప్పుడప్పుడూ మా ఇంటి ముందు హారను మోగేది. కాఫీ తాగి, మా అత్తగారికి చీరల కథలు చెప్పి వెళ్ళేవారు. మోకాళ్ళు పట్టేశాక, చూపు తగ్గాక రావడం తగ్గింది.

మా కారు సంగతి కూడా చెప్పేస్తాను. ఆపా పోయిన కబురు విన్నాక కొన్నాళ్ళు దాన్ని మార్చబుద్ధి కాలేదు. పాత వస్తువంటే ఆవిడే గుర్తొచ్చేవారు. అది ఆగినప్పుడల్లా మా పక్కింటి మాస్టారు లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి తోసేవారు. ఎప్పుడూ నవ్వుతూనే తోసేవారు. ఒకరోజు పొద్దున నేను తాళం తిప్పితే అది పలకలేదు. తలెత్తి చూస్తే మాస్టారు వరండాలో పేపరు మడిచి చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళిపోతున్నారు. ఆ సాయంత్రమే మా ఆయనకి చెప్పాను, మార్చేద్దామని. కారణం అడిగాడు. అది ఆగితే మనకి కాదు కష్టం అన్నాను.

ఆపాని ఆఖరిసారి చూసింది కోతలయిపోయి, మాగాణుల్లో మినుము పచ్చగా లేచిన రోజుల్లో. ఒక ఆదివారం తెనాలి వెళ్తే, గుంటూరు నుంచి వచ్చిన కూతురు కారు తాళాలు దాచేసిందనీ, నువ్వు తోలుతానంటే ఇస్తుందనీ చెప్పారు. ఆవిడ కారు నేను తోలాను. ఎడమవైపు సీట్లో ఆవిడ, తలమీద కొంగు, మోకాళ్ళమీద చేతులు. ఎక్కడ ఆపాలో చెబుతూ ఉన్నారు. దిగలేకపోయారు. కిటికీ దగ్గరికి మనుషులే వచ్చారు.

చెయ్యి విరిగినాయన ఇంటి ముందు ఆపాను. ఆయన వచ్చి తల ఊపాడు. వెనకాలే ఆమె వచ్చింది. జుట్టు నెరిసింది కానీ మనిషి అలాగే ఉంది. పలకరింపు లేకుండానే మొదలుపెట్టింది. "ఏమైపోయారండీ ఇన్నాళ్ళు? మనిషన్నాక కబురన్నా చెయ్యరా? షుగరుందని తెలిసీ అన్నం మానరంట, మీ అమ్మాయి ఫోన్లో చెప్పింది." ఆపా ఊఁ కొడుతూ వింటున్నారు, పాఠం రాని పిల్లలాగా.

ఆమె చటుక్కున లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు బియ్యం గోనెసంచి తను ఒకవైపు, ఆయన ఒకవైపు పట్టుకుని తెచ్చారు. ఆమె తనే డిక్కీ తీసింది. సంచీ లోపల పడేసింది. వెనక తలుపు తీసుకుని కూర్చుని, కాళ్ళు సర్దుకుని, నాతో "రేపల్లెలో మా అమ్మాయి ఇంటికమ్మా. పోనియ్యి" అంది.

దారంతా తిడుతూనే ఉంది. జొన్నరొట్టె తినమంది. ఒంటరిగా ఉండొద్దంది. మోకాళ్ళకి ఏదో ఆకు చెప్పి, అది కాచుకునే పద్ధతి చెప్పి, రెండోసారి ఆపా చేత అప్పజెప్పించుకుంది. రేపల్లెలో ఒక సందు మొదట్లో ఆపమంది. అల్లుడు వచ్చి సంచీ దించుకున్నాడు. ఆమె దిగి తలుపు దబ్బున వేసి, కిటికీలోకి వంగి, "సాయంత్రం ఇటే వస్తారుగా, నన్నెక్కించుకుని పోండి" అంది. సమాధానం కోసం ఆగలేదు.

నేను బండి కదిలించబోతే ఆపా నా చేతిమీద చెయ్యేసి ఆపారు. ఆమె సందు మలుపు తిరిగేదాకా అటే చూశారు.

"చూశావా అమ్మాయ్," అన్నారు. "ఒక్కమాట అడగలేదు. ఎక్కి కూచుంది."